వేగం కొత్తదానిది, ఊపు పాతదానిది

అమెరికాలో డెట్రాయిట్ నుంచి వాయవ్యంగా సాగే వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఏటా ఆగస్టులో కార్ల జాతర జరుగుతుంది. 1995లో ఫెర్న్‌డేల్ అనే చిన్న ఊళ్లో సాకర్ మైదానం కోసం చందాలు పోగుచేద్దామని మొదలుపెట్టిన వేడుక అది. ఇప్పుడు మైళ్ల పొడవునా జనం మడతకుర్చీలు వేసుకుని కూర్చుంటారు. చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లూ వాళ్లలో కనిపిస్తారు. రోడ్డు మీద 1970 నాటి డాడ్జ్ ఛాలెంజర్ గుడగుడలాడుతూ వస్తుంది. కాసేపటికి అదే పేరుతో 2008లో వచ్చిన కొత్త ఛాలెంజర్ పోతుంది. ముఖం దాదాపు అదే, నడుము దగ్గర వంపు అదే, ఇంజిన్ పేరు కూడా అదే: హెమీ. చిత్రమేమిటంటే రెండింటి కాగితాల మీదా ఇంజిన్ శక్తి 425 హార్స్‌పవర్ అనే రాసి ఉంటుంది.

ఆ కుర్చీల మధ్య ఎన్నేళ్లైనా తెగని వాదన ఒకటుంది. కొత్త కారు బ్రేకుల్లో, మలుపుల్లో, భద్రతలో పాతదాన్ని చిత్తుగా ఓడిస్తుందని ఇరుపక్షాలూ ఒప్పుకుంటాయి. అయినా రెండూ నడిపిన వాళ్లలో చాలామంది, ‘పాతదే వేగంగా పోతున్నట్టుంటుంది’ అంటారు. కొత్తదాని అభిమానులు దాన్ని వయసు తెచ్చిన బెంగ కింద కొట్టిపారేస్తారు. నాకైతే అది బెంగ ఒక్కటే అనిపించదు. ఆ మాటకు టైరులో, కార్బురేటర్‌లో, మన చెవి లోపలి ఎముకలో కూడా కారణాలున్నాయి.

కొలబద్ద మారింది

ముందు ఆ 425 సంగతి తేల్చాలి. పాత హెమీ 7 లీటర్ల ఇంజిన్. కొత్తది 6.1 లీటర్లే. దాదాపు లీటరు చిన్నదైన ఇంజిన్ అంతే శక్తి ఎలా ఇస్తోంది? నిజానికి అంతకన్నా ఎక్కువే ఇస్తోంది. 1972కు ముందు అమెరికా కంపెనీలు ఇంజిన్‌ను కారులోంచి విడిగా తీసి, పరీక్ష బల్ల మీద బిగించి కొలిచేవి. గాలి వడపోత ఉండేది కాదు. మఫ్లర్లతో కూడిన అసలు ఎగ్జాస్ట్ బదులు పొగ ధారాళంగా పోయే గొట్టాలు తగిలించేవారు. బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ లాంటి భారాలేవీ దాని మీద పడేవి కావు. అలా వచ్చిన అంకెను ‘గ్రాస్’ అనేవారు. 1972 నుంచి ఇంజిన్‌ను కారులో ఎలా ఉంటుందో అలాగే, అన్ని తగిలింపులతో కొలవడం మొదలైంది. అది ‘నెట్’.

■ పెట్టె: ఏడాదిలో 75 గుర్రాలు ఎటు పోయాయి?

షెవ్రొలే కార్వెట్‌లో ఎల్‌టీ-1 అనే ఇంజిన్ ఉండేది. 1971 కరపత్రంలో దాని శక్తి 330 హార్స్‌పవర్. 1972 కరపత్రంలో 255. ఇంజిన్ దాదాపు అదే. తగ్గుదలలో ఎక్కువ భాగం కొలిచే పద్ధతి మారడం వల్ల వచ్చిందే. అందుకే 1960ల కారు అంకెనూ ఇప్పటి కారు అంకెనూ పక్కపక్కన పెట్టి పోల్చడం చెల్లదు. పైగా ఆ రోజుల్లో బీమా కంపెనీలకు భయపడి, పందేల్లో తేలిక తరగతిలో చేరడానికి ఆశపడి కొన్ని కంపెనీలు కావాలనే తక్కువ చెప్పేవన్నది అభిమానులందరూ నమ్మే మాట.

ఇక నేరుగా పోయే పావు మైలు పరుగులో పాత హెమీ, 2008 కారు రెండూ 13–14 సెకన్ల చుట్టుపక్కలే తేలతాయి. కొత్తది దాదాపు 1,880 కిలోల బరువు మోసుకుంటూ ఆ పని చేస్తుంది. ఆ తర్వాత వచ్చినవి మరీ దూరం పోయాయి. 2015 ఛాలెంజర్ హెల్‌క్యాట్ శక్తి 707 హార్స్‌పవర్. అదే ఏడాది ఫోర్డ్ మస్టాంగ్‌లో 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల చిన్న టర్బో ఇంజిన్ కూడా 310 ఇచ్చింది. 1960ల కుర్రాడు చూస్తే నవ్విపోయేంత చిన్న ఇంజిన్, అప్పటి పేరుమోసిన వీ8లు ఎన్నింటినో వెనక పడేసింది.

అంటే అంకెల వాదన ఎప్పుడో ముగిసిపోయింది. మిగిలింది అనుభూతి.

పదేళ్ల వైభవం, ముప్ఫై ఏళ్ల విరామం

‘మజిల్ కార్లు’ అని పిలిచే ఈ కార్ల పుట్టుక చిన్న అల్లరి పని. మధ్య తరహా కార్లలో పెద్ద ఇంజిన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్‌లో నియమం ఉండేది. 1964 మోడల్ కోసం జాన్ డెలోరియన్ బృందం పాంటియాక్ టెంపెస్ట్ అనే మామూలు కారులో 6.4 లీటర్ల వీ8ను ‘అదనపు సౌకర్యం’ పేరుతో దూర్చింది. దాని పేరు జీటీవో. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ మస్టాంగ్ బయటికొచ్చింది, ధర 2,368 డాలర్ల నుంచి. యుద్ధం తర్వాత పుట్టిన తరం అప్పుడే డ్రైవింగ్ లైసెన్సు వయసుకొచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే పది లక్షల మస్టాంగ్‌లు తయారయ్యాయి.

తర్వాత కథ త్వరగా ముగిసింది. కుర్రాళ్ల కార్లకు బీమా ఖర్చు పెరిగింది. 1970 నాటి వాయుశుద్ధి చట్టం పొగ మీద పగ్గం వేసింది. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. 1974తో మొదటి ఛాలెంజర్ ఆగిపోయింది. మళ్లీ పాత ముఖాలు రావడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది: 2005 మోడల్ మస్టాంగ్, 2008 ఛాలెంజర్, 2010 షెవ్రొలే కమారో. 1960లలో వాటిని కొనలేక గోడమీద బొమ్మ అంటించుకున్న పిల్లలకు ఈలోగా యాభై ఏళ్లొచ్చాయి, చేతిలో డబ్బూ వచ్చింది. కంపెనీల లెక్క అదే.

శరీరానికి వేగం తెలియదు

విమానంలో గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతూ కాఫీ తాగుతాం. మన శరీరంలో వేగాన్ని కొలిచే అవయవమే లేదు. ఉన్నది వేగంలో వచ్చే మార్పును పసిగట్టేది. చెవి లోపల, పుర్రె ఎముకలో దాగిన చిన్న సంచుల్లో జిగురు పొర ఒకటుంది. దాని మీద సున్నపు రేణువులు పరుచుకుని ఉంటాయి. కారు ముందుకు దూకినప్పుడు ఆ రేణువులు బరువు వల్ల వెనకబడతాయి. కింద ఉన్న సన్నని కేశాలు వంగుతాయి. మెదడుకు కబురు అందుతుంది. ఊపు ఎంత ఉందన్నది ఒక ఎత్తు, అది ఎంత హఠాత్తుగా వచ్చిందన్నది మరో ఎత్తు. ఒకే తీరున నెట్టుతూ ఉంటే కాసేపటికి అలవాటు పడతాం. మెడ వెనక్కి విదిలించినట్టయ్యేది ఊపు మారిన క్షణంలోనే.

ఇప్పుడు పాత హెమీ పెడల్ తొక్కితే ఏం జరుగుతుందో చూద్దాం. ఇంజిన్ నెత్తిన రెండు కార్బురేటర్లు, ఒక్కోదానికి నాలుగు గొంతులు. మెల్లగా నడుపుతున్నంతసేపూ కొన్ని గొంతులే తెరిచి ఉంటాయి. పెడల్‌ను కిందికంటా నొక్కగానే మిగిలినవీ ఒక్కసారి నోరు తెరుస్తాయి. గాలి తేలిక కాబట్టి క్షణంలో దూసుకొస్తుంది. పెట్రోలు బరువు కాబట్టి వెనకబడుతుంది. ఆ లోటు పూడ్చడానికి కార్బురేటర్‌లోనే చిన్న పంపు ఉంటుంది, పెడల్ నొక్కగానే పిచికారీలా పెట్రోలు చిమ్ముతుంది. దాని సర్దుబాటు సరిగా కుదరకపోతే ఇంజిన్ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత దూకుతుంది. ఇంజనీరు దృష్టిలో అది లోపం. నడిపేవాడికి మాత్రం ఆ తటపటాయింపు తర్వాత వచ్చిన దూకుడు రెట్టింపుగా తోస్తుంది.

కొత్త కారులో పెడల్‌కూ ఇంజిన్‌కూ మధ్య తీగ లేదు. పెడల్ ఎంత నొక్కామో ఒక సెన్సర్ కంప్యూటర్‌కు చెబుతుంది. ఎంత గాలి, ఎంత పెట్రోలు కావాలో అది లెక్కకట్టి ఇస్తుంది. 2015 నుంచి ఛాలెంజర్‌లో వచ్చిన ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ గేరుబాక్సు, ఒక గేరు వదిలి ఇంకోటి పట్టుకునే వ్యవధి తెలియనివ్వదు. తోపు ఎక్కడా తెగదు, ఎక్కడా పొంగదు. గడియారం సంతోషిస్తుంది, చెవిలోని రేణువులు మాత్రం కుదుటపడి కూర్చుంటాయి.

దీనికి చెవి, ముక్కు కూడా తోడవుతాయి. శబ్దం తగ్గిస్తే డ్రైవర్లు తమ వేగాన్ని తక్కువగా అంచనా వేస్తారని పరీక్షల్లో తేలింది. పాత కారులో గాలి హోరు, కిటికీ అద్దాల దడదడ, గేరు కడ్డీ వణుకు, వెనక కాలీకాలని పెట్రోలు వాసన అన్నీ ఒకేసారి ‘వేగం, వేగం’ అని చెబుతుంటాయి. ఆ కబుర్లన్నీ వృథాగా పోయే శక్తి నుంచి పుట్టేవే. అభిమానులు పాత కారులో ‘ఆత్మ’ ఉందంటారు. ఆ ఆత్మలో పెద్ద భాగం ఇంజనీర్లు ముప్ఫై ఏళ్లు కూర్చుని పూడ్చిన చిల్లులే. ఇలా అనడం పాత కార్లను తక్కువ చేయడం కాదు. వృథా కూడా మనిషికి ఒక సమాచారమే.

టైరు ముందే అరిచి చెబుతుంది

పాత, కొత్త కార్ల తేడాలో ఇంజిన్ కన్నా టైరుదే పెద్ద పాత్రని నా అభిప్రాయం. 1970 ఛాలెంజర్‌కు వచ్చినవి బయాస్ టైర్లు. వాటిలో దారాల పొరలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా, అల్లికలా పరుచుకుని ఉంటాయి. పక్కగోడ, నేలను తాకే భాగం రెండూ ఒకే అల్లికలో ముడిపడి ఉండటంతో మలుపులో పక్కగోడ వంగితే నేలను తాకే భాగం కూడా మెలితిరిగి కొంత పైకి లేస్తుంది. పట్టు కొద్దికొద్దిగా జారుతుంది. జారుతున్నంతసేపూ టైరు కీచుమని అరుస్తుంది, స్టీరింగ్ వదులవుతుంది, కారు ఒక పక్కకు ఒరుగుతుంది.

మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంటు పొందిన రేడియల్ టైరులో దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నేరుగా పోతాయి. తొక్కుడు భాగం కింద విడిగా ఉక్కు పట్టీ ఉంటుంది. పక్కగోడ ఎంత వంగినా తొక్కుడు భాగం రోడ్డుకు అతుక్కునే ఉంటుంది. అమెరికా కార్లు దాన్ని 1970లలో గానీ పూర్తిగా అందిపుచ్చుకోలేదు.

ఫలితం ఊహించడం కష్టం కాదు. ఊరి బయట ఓ మామూలు మలుపులో, చట్టం అనుమతించే వేగంలోనే పాత కారు తన హద్దు దగ్గరికి వచ్చేస్తుంది. డ్రైవర్ చేతులు స్టీరింగ్‌తో కుస్తీ పడుతుంటాయి. అదే మలుపులో కొత్త కారు తన సత్తాలో సగం కూడా వాడదు. దాన్ని హద్దు దాకా తీసుకెళ్లాలంటే రేసు ట్రాకుకు వెళ్లాలి, లేదా పోలీసులకు దొరకాలి. నెమ్మదైన కారును గట్టిగా నడపడంలో ఉన్న సరదా, వేగమైన కారును నెమ్మదిగా నడపడంలో లేదని అభిమానులు అనే మాటకు భౌతికశాస్త్రం ఇచ్చే వివరణ ఇదే.

బ్రేకుల విషయంలో మాత్రం ఎవరూ పాతదాని వైపు మాట్లాడరు. డ్రమ్ము బ్రేకులో లోపలి బూట్లు బయటికి విచ్చుకుని డ్రమ్మును ఒరుసుకుంటాయి. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి బూట్లకు దూరం జరుగుతుంది. కొండదారిలో పదేపదే తొక్కితే పెడల్ కిందికి దిగిపోతూ ఉంటుంది, కారు మాత్రం ఆగదు. డిస్కు బ్రేకులో వేడెక్కిన పళ్లెం ఉబ్బితే ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది. గాలి కూడా బాగా తగులుతుంది. ఈ ఒక్క అనుభూతిని ఎవరూ తిరిగి కోరుకోరు.

ఆ గుడగుడ ఎక్కడి నుంచి వస్తుంది?

అమెరికన్ వీ8 ఇంజిన్‌ను కళ్లు మూసుకుని గుర్తుపట్టవచ్చు. అదే ఎనిమిది సిలిండర్లున్న చాలా ఫెరారీలు కీచుమని కేక పెడితే, ఇది గొంతు లోతుల్లోంచి గుడగుడలాడుతుంది. తేడా క్రాంక్‌షాఫ్ట్‌లో ఉంది. ఎనిమిది సిలిండర్లు నాలుగేసి చొప్పున ఎడమ, కుడి వరసల్లో ఉంటాయి. ఇంజిన్ మొత్తంగా చూస్తే పేలుళ్లు సమానమైన ఎడంతోనే జరుగుతాయి. కానీ అమెరికన్ వీ8లో క్రాంక్‌షాఫ్ట్ వంపులు ఒకే తలంలో కాక, చివరి నుంచి చూస్తే శిలువ ఆకారంలో ఉంటాయి. వణుకు తగ్గించడానికి ఎంచుకున్న అమరిక అది. దాని వల్ల పేలుళ్లు ఎడమ, కుడి వరసల మధ్య సమంగా వంతులు మారవు.

■ పెట్టె: బల్ల మీద వాయించి చూడండి

హెమీలో సిలిండర్లు పేలే వరస 1-8-4-3-6-5-7-2. బేసి అంకెలు ఎడమ వైపు, సరి అంకెలు కుడి వైపు. రెండు చేతులతో, ఒకే వేగంతో, ఆపకుండా బల్ల మీద ఇలా కొట్టండి: ఎడమ, కుడి, కుడి, ఎడమ, కుడి, ఎడమ, ఎడమ, కుడి. నాలుగైదు సార్లు తిప్పి వాయించాక ఎడమ చేతి చప్పుడు ఒక్కటే వినండి. ఒకసారి దగ్గర దగ్గరగా రెండు దెబ్బలు, ఒకసారి మరీ దూరం, మధ్యలో మామూలు ఎడం. ఒక వైపు సైలెన్సర్ గొట్టంలోంచి వచ్చేది సరిగ్గా ఆ తాళమే. ఇంజిన్ నిమిషానికి 600 సార్లు తిరుగుతూ నిలకడగా ఉన్నప్పుడు సెకనుకు 40 పేలుళ్లు జరుగుతాయి. ఈ ఎగుడుదిగుడు తాళం సెకనుకు 5 సార్లు పునరావృతమవుతుంది. కడుపులో తెలిసే గుడగుడ ఆ అయిదుదే.

పందేల కోసం మార్చిన పాత ఇంజిన్లలో దీనికి తోడు కుంటినడక ఉంటుంది. ఎక్కువ వేగంలో సిలిండర్ నిండా గాలి పోవడానికి కామ్‌షాఫ్ట్‌ను పెద్దది చేస్తారు. అప్పుడు లోపలికి గాలి వచ్చే వాల్వు, బయటికి పొగ పోయే వాల్వు కొంతసేపు రెండూ తెరిచే ఉంటాయి. వేగంగా తిరిగేటప్పుడు అది లాభం. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు మాత్రం కాలిన పొగ వెనక్కి మళ్లి కొత్త గాలిలో కలుస్తుంది. కొన్ని పేలుళ్లు బలంగా, కొన్ని నీరసంగా జరుగుతాయి. కారు మొత్తం ఊగుతుంది. ఇప్పటి ఇంజిన్లలో చాలావరకు కామ్‌షాఫ్ట్ సమయాన్ని నడుస్తుండగానే ముందుకూ వెనక్కూ జరపగలవు కాబట్టి ఆ కుంటితనం అక్కర్లేదు. 1975 మోడళ్ల నుంచి పొగగొట్టంలో చేరిన క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పేలుళ్ల అంచులను అరగదీస్తుంది. తాళం అదే ఉన్నా దెబ్బ మెత్తబడింది.

ఈ గొడవ మనకు కొత్త కాదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో మీటియర్ 350తో తెచ్చిన ఇంజిన్‌లో వణుకును రద్దుచేసే బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టింది. బండి సుఖంగా ఉందని మెచ్చుకున్న నోటితోనే, పాత బుల్లెట్ చప్పుడు పోయిందని బాధపడ్డవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో.

శబ్దం లేకపోతే కొనేవాళ్లు తగ్గుతారని కంపెనీలకూ తెలుసు. 2015లో వచ్చిన నాలుగు సిలిండర్ల మస్టాంగ్, ఇంజిన్ చప్పుడును స్పీకర్లలోంచి కూడా వినిపిస్తుంది. 2024లో వచ్చిన ఎలక్ట్రిక్ డాడ్జ్ ఛార్జర్ డేటోనాకైతే పేలేదేమీ లేదు. అయినా శబ్దాన్ని పుట్టించి, పెంచి, కారు అడుగున ఉన్న గదుల్లోంచి బయటికి వదిలే ఏర్పాటు పెట్టారు. నమూనా కారు చూపించినప్పుడు అది 126 డెసిబెల్స్ దాకా అరవగలదని కంపెనీ చెప్పుకుంది, హెల్‌క్యాట్‌తో సమానంగా. పాతకాలపు అభిమానులు దాన్ని ఎగతాళి చేయడం సహజమే. కానీ చిక్కు ప్రశ్న ఒకటుంది: వీ8 నుంచి వచ్చే గుడగుడ కూడా కోరి చేసిన సంగీతం కాదు, వణుకు తగ్గించబోతే వచ్చిన ఉప ఉత్పత్తి. చెవికి ఆ తేడా తెలుసా, లేక మనసుకే తెలుసా?

పాత చొక్కా, పెద్ద ఒళ్లు

2005 మస్టాంగ్‌ను గీసిన రోజుల్లో ఫోర్డ్ డిజైన్ అధిపతి జే మేస్. పాత రూపాన్ని కొత్త భాషలో చెప్పడాన్ని ఆయన ‘రెట్రోఫ్యూచరిజం’ అన్నాడు. చూపుకు అది బాగానే కుదిరింది. కానీ దగ్గరికెళ్లి పాతదాని పక్కన నిలబెడితే కొత్తవన్నీ ఉబ్బినట్టు కనిపిస్తాయి. ముఖ్యంగా ఛాలెంజర్.

1970 ఛాలెంజర్ పక్క కిటికీలు ముందువీ వెనకవీ దించేస్తే మధ్యలో స్తంభం ఉండదు. ముందు అద్దం నుంచి వెనక దాకా ఒకటే ఖాళీ. అందుకే అది అంత పల్చగా, చాచిపెట్టినట్టు ఉంటుంది. దాని ఎత్తు దాదాపు 129 సెంటీమీటర్లు. కొత్తదాని ఎత్తు దాదాపు 145. ఆ పదహారు సెంటీమీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయో వెతికితే చట్టపుస్తకం దగ్గర తేలతాం. కారు తలకిందులైతే పైకప్పు ఎంత బరువు తట్టుకోవాలన్న నియమం అమెరికాలో 1973లో అమల్లోకొచ్చింది, కారు బరువుకు ఒకటిన్నర రెట్లు. 2009లో దాన్ని మూడు రెట్లకు పెంచారు. తలుపుల్లో పక్క దెబ్బను ఆపే దూలాలు, సీట్లలోనూ పైకప్పు అంచున గాలి సంచులు చేరాయి. దాంతో స్తంభాలు లావయ్యాయి, తలుపులు దళసరి అయ్యాయి, కిటికీ కింది అంచు పైకి జరిగింది. 2010 కమారోలో కూర్చుంటే బంకర్‌లోంచి చూస్తున్నట్టుందని సొంతదారులే విసుక్కునేవారు.

అంత ఎత్తైన ఇనుప గోడ కింద 15 అంగుళాల చక్రం పెడితే కారు ఏనుగుకు ఎలుక కాళ్లు పెట్టినట్టుంటుంది. అందుకే కొత్త ఛాలెంజర్‌కు 20 అంగుళాల చక్రాలు. నిష్పత్తి దాచడానికి చక్రం పెరిగింది, దానితో బరువు పెరిగింది, ఆ బరువు ఆపడానికి బ్రేకు పెరిగింది. ఒక స్తంభం లావెక్కడంతో మొదలైన గొలుసు ఇది. ‘పాతదానిలాగే సన్నగా ఎందుకు చేయలేరు?’ అని అడిగేవాళ్లు ఈ గొలుసును మర్చిపోతారు.

అది ఎందుకు అవసరమో చూడాలంటే 2009లో అమెరికా రహదారి భద్రతా బీమా సంస్థ ఐఐహెచ్‌ఎస్ చేసిన పరీక్ష చాలు. తమ యాభయ్యో వార్షికోత్సవానికి 1959 షెవ్రొలే బెల్ ఎయిర్‌ను, 2009 షెవ్రొలే మాలిబూను గంటకు 40 మైళ్ల వేగంతో ముఖాముఖి ఢీకొట్టించారు. బెల్ ఎయిర్ మజిల్ కారు కాదు, కానీ ఇనుము ఎక్కువుంటే రక్షణ ఎక్కువన్న నమ్మకానికి ఇంతకన్నా మంచి నమూనా లేదు. పాత కారు ముందు భాగం లోపలికి చొచ్చుకొచ్చి డ్రైవర్ చోటే లేకుండా చేసింది. నిజంగా మనిషి ఉంటే బతికే అవకాశం లేదు. మాలిబూ ముక్కు పథకం ప్రకారం నలిగి, దెబ్బ శక్తిని మింగేసింది. గది చెక్కుచెదరలేదు. డ్రైవర్ బొమ్మకు కాలికి చిన్న గాయమయ్యే అవకాశమే కనిపించింది. ముందు భాగం మెత్తగా, మనిషి కూర్చునే గది గట్టిగా ఉండాలన్న ఈ ఆలోచన మెర్సిడెస్ ఇంజనీర్ బేలా బారెన్యీది. 1959 నాటికే ఆ కంపెనీ కార్లలోకి వచ్చింది. ఆ తర్వాతి దశకపు అమెరికన్ మజిల్ కార్లకు మాత్రం అది పట్టలేదు.

స్క్రూడ్రైవరా, ల్యాప్‌టాపా?

పాతవాళ్ల పక్షాన నేను పూర్తిగా ఒప్పుకునే మాట మరమ్మతుది. 1970 కారు బానెట్ ఎత్తితే ఇంజిన్ చుట్టూ చేయి పెట్టుకునేంత ఖాళీ. చిన్న మందం కొలిచే రేకు, స్పానర్లు, స్క్రూడ్రైవర్ ఉంటే ఇగ్నిషన్ పాయింట్ల మధ్య సందును, కార్బురేటర్ గాలిని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. చేసిన మార్పు మరుక్షణం చెవికి తెలుస్తుంది. కొత్తదాంట్లో ప్లాస్టిక్ మూత కింద ఏముందో చూడడానికే ఓపిక కావాలి. 1996 నుంచి అమెరికా కార్లన్నింటికీ లోపాలను కోడ్ రూపంలో చెప్పే ప్లగ్గు తప్పనిసరైంది. కుర్ర అభిమానులు దానికి ల్యాప్‌టాప్ తగిలించి, ఇంజిన్ కంప్యూటర్‌లో పట్టికలు మార్చి శక్తి పెంచుకుంటారు. అది తక్కువ నైపుణ్యమని నేననను, చేతికి మసి అంటదు అంతే.

ఇంకో వైపు, పాతవాటి ధరలే వాటిని రోడ్డుకు దూరం చేశాయి. ‘కూడా’ అనే పేరున్న 1971 నాటి హెమీ కన్వర్టిబుల్ ఒకటి 2014 వేలంలో 35 లక్షల డాలర్లకు పోయింది. అంత పెట్టినవాడు దాన్ని వర్షంలో బయటికి తీస్తాడా?

అభిమానులు జేబుతో చెప్పే తీర్పు

మాటల్లో ఎటు మొగ్గినా, డబ్బు ఖర్చుపెట్టేటప్పుడు అభిమానులు మూడో దారి పడుతున్నారు. దాన్ని ‘రెస్టోమాడ్’ అంటారు. పాత కారు ఒంటిని అలాగే ఉంచి లోపల కొత్త అవయవాలు పెట్టడం. డాడ్జ్ కార్లు చేసే సంస్థే 707 హార్స్‌పవర్ ఇంజిన్‌ను పెట్టెలో పెట్టి అమ్మడం మొదలుపెట్టింది, పాత కార్లలో బిగించుకొమ్మని. వెనక చక్రాలు రెండింటినీ ఒకే కడ్డీ మీద మోసే పాత ఇరుసు తీసేసి, ఒక్కో చక్రం విడివిడిగా ఎగిరే సస్పెన్షన్ వేస్తారు. డిస్కు బ్రేకులు వేస్తారు. ఇంధనం చిమ్మే కంప్యూటర్ పెడతారు. ఉంచేది ఏమిటో చూస్తే వాళ్లు నిజంగా దేన్ని ప్రేమిస్తున్నారో తెలుస్తుంది: పల్చని స్తంభాలు, కిటికీలు దించితే వచ్చే ఆ ఖాళీ, క్రోమ్ అంచులు, పొగగొట్టంలో గుడగుడ. తీసేసేది: డ్రమ్ము బ్రేకులు, ఊగిసలాడే స్టీరింగ్, పొద్దున్నే స్టార్ట్ కాని మొండితనం. కొత్త ఛాలెంజర్ పాత ముఖాన్ని కొత్త ఒంటికి తగిలించింది. రెస్టోమాడ్ సరిగ్గా దానికి తిరగేసిన పని.

అలాగని ఎవరైనా ఒక పక్షమే గెలిచిందంటే నేను నమ్మను. 2005లో మస్టాంగ్ ఆ పాతకాలపు గట్టి ఇరుసునే ఉంచుకున్నప్పుడు విమర్శకులు పెదవి విరిచారు. నేరుగా దూకే పందేలవాళ్లు సంతోషించారు, వెనక టైర్లు రెండూ నేలకు సమంగా ఆనుతాయి కాబట్టి. 2015లో దాన్ని తీసేస్తే ఇరుపక్షాలూ స్థానాలు మార్చుకున్నాయి. కమారో, ఛాలెంజర్ రెండింటి ఉత్పత్తీ 2023 చివరికి నిలిచిపోవడంతో ఈ తరం రెట్రో కార్లు కూడా మెల్లగా పాతకార్ల జాబితాలోకి జారుకుంటున్నాయి. వాటినీ నెత్తిన పెట్టుకునేవాళ్లు అప్పుడే పుట్టుకొచ్చారు.

అమెరికాలో పాత కార్ల టైర్లు చేసే కోకర్ కంపెనీ ఒక సరుకు అమ్ముతుంది. బయటికి 1960ల బయాస్ టైరులాగే ఉంటుంది, సన్నని తొక్కుడు, నిటారు పక్కగోడ, తెల్ల చారతో సహా. లోపల మాత్రం రేడియల్. మలుపులో అది అరవదు, మెలితిరగదు. కొనేవాళ్లలో పాత కారును ప్రాణంగా చూసుకునేవాళ్లూ ఉన్నారు. జాతరకు వెళ్లే దారిలో వర్షం వస్తే ఏ టైరు కావాలో వాళ్లకు బాగా తెలుసు.